ఎండా వానా చూడని పెన్ను ఎవరికీ ఇవ్వను

2023 మే నెలలో ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో పేపర్లు దిద్దుతుంటే మా మాస్టారు ఫోన్ చేశారు. హైస్కూల్లో నాకు తెలుగు చెప్పిన మాస్టారు. రిటైరై గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్నారు. "అమ్మాయ్, నువ్విచ్చిన కలం బీట వారింది. కింద పడెయ్యలేదమ్మా, దానంతట అదే. దారం చుట్టి రాసుకుంటున్నాను, నాకేం ఇబ్బంది లేదు. చేసింది నువ్వు కాబట్టి నీకు తెలియాలి కదా అని చెప్తున్నాను" అన్నారు.

ఆ పెన్ను నేను డిసెంబరులో ఆయన పుట్టినరోజుకి ఇచ్చాను. టేకు కర్రలో నాలుగు తెల్లటి పట్టీలు ఒకదాని కింద నుంచి ఒకటి దూరి వెళ్తున్నట్టు కనిపించే మెలిక డిజైను. అప్పటికి నేను చేసినవాటిలో అన్నిటికంటే బాగా కుదిరింది అదే. అది అయిదు నెలలు నిలిచింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పెన్ను పోయినందుకు కాదు, ఎనభై ఏళ్లకు దగ్గరపడుతున్న మనిషి నా పని మీద గౌరవంతో దానికి దారం చుట్టి రాసుకుంటున్నందుకు.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ముక్కలు అతికి చేసిన చెక్క పెన్ను మన విజయవాడలో ఒక పూర్తి ఎండాకాలం, ఒక పూర్తి వానాకాలం నా దగ్గర గడిపాకే ఇంకొకరి చేతికి వెళ్తుంది. అమ్మినా అంతే, ఊరికే ఇచ్చినా అంతే. చెక్క పెన్నులు చేసే ప్రతి ఒక్కరూ ఇలాగే చెయ్యాలని నా వాదన. అది అతి అని నాతో చాలామంది అన్నారు. ఎందుకు అతి కాదో చెప్తాను.

ముందు ఆ మెలిక ఎలా వస్తుందో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. విదేశాల్లో పెన్నులు చేసేవాళ్లు దీన్ని సెల్టిక్ నాట్ అంటారు. మనకు ఆ పేరు అక్కర్లేదు, ధనుర్మాసంలో వాకిట్లో వేసే మెలికల ముగ్గు తెలిసిన ఎవరికైనా చూడగానే అర్థమవుతుంది. కాకపోతే ఇక్కడ గీసేది ముగ్గుపిండి కాదు, రంపం. 20 మిల్లీమీటర్ల చదరం, 130 మిల్లీమీటర్ల పొడవున్న కర్ర ముక్క తీసుకుని, 45 డిగ్రీల వాలులో కోస్తాం. పూర్తిగా తెగనివ్వం, అడుగున ఒక మిల్లీమీటరు వదిలేస్తాం. ఆ కోతలో జిగురు రాసి పల్చటి తెల్ల చెక్క పట్టీని దూర్చి, బిగించి, రాత్రంతా వదిలేస్తాం. మర్నాడు పైకి వచ్చిన పట్టీని చదును చేసి, ముక్కను పావు చుట్టు తిప్పి, సరిగ్గా అదే చోట మళ్లీ కోస్తాం. మళ్లీ పట్టీ, మళ్లీ జిగురు, మళ్లీ ఒక రాత్రి. ఇలా నాలుగు సార్లు.

ఇందులో ప్రాణమంతా ఒక్క లెక్కలో ఉంది. రంపం తినేసిన మందమూ, దూర్చిన పట్టీ మందమూ ఒకటే కావాలి. పట్టీ ఒక్క పిసరు పల్చనైనా, ముక్క రెండు సగాలూ దగ్గరికి జరుగుతాయి. దాంతో ముందు రోజు అతికిన పట్టీ రెండు భాగాలూ ఎదురెదురుగా కలవవు, మెట్టు పడిపోతుంది. నేను ఒక రంపానికి ఒక మందం అని పట్టీలను ముందే రుద్ది పెట్టుకుంటాను. రంపం మారిస్తే పట్టీలన్నీ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సిందే.

నాలుగు కోతలూ అయ్యాక మధ్యలోంచి 7 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, అందులో ఇత్తడి గొట్టం అతికి, కర్రను గిర్రున తిప్పే లేతు మీద ఎక్కిస్తాం. మా వీధి వడ్రంగి మేస్త్రి ఇప్పటికీ లేతు పనిని తరిమెన పట్టడం అనే అంటారు. నాకు ఆ మాట ఇష్టం. తిరుగుతున్న ముక్కకి ఉలి ఆనించగానే నాలుగు మూలలూ ఎగిరిపోతాయి. అప్పటిదాకా వాలుగా, తిన్నగా ఉన్న గీతలు వంపు తిరగడం మొదలవుతుంది. లేతు ఆపి చూస్తే మెలిక కళ్లెదుట ఉంటుంది. ఇన్నేళ్లయినా ఆ ఆపే క్షణంలో నా గుండె కొంచెం వేగంగానే కొట్టుకుంటుంది.

నేను ఇంటర్ రెండో ఏడాది పిల్లలకి లెక్కలు చెప్తాను. దీర్ఘవృత్తం పాఠం వచ్చినప్పుడు ఈ ముక్కనే క్లాసుకి తీసుకెళ్తాను. గుండ్రటి స్తంభాన్ని వాలుగా కోస్తే వచ్చేది దీర్ఘవృత్తం. పెన్ను వ్యాసం 12 మిల్లీమీటర్లైతే, 45 డిగ్రీల కోతలో మెలిక పెన్ను పొడవునా 12 మిల్లీమీటర్లు పరుచుకుంటుంది. పెన్ను నిలువు గీతతో 30 డిగ్రీల కోణంలో కోస్తే దాదాపు 21 మిల్లీమీటర్లకు సాగుతుంది. సూత్రం బట్టీ పట్టిన పిల్లలు ఆ ముక్కను వేలితో తడిమి చూస్తారు. వెనక బెంచీ నుంచి కూడా చేతులు చాస్తారు.

మాస్టారి పెన్ను సంగతికొస్తే, ఫోన్ వచ్చిన తర్వాతి ఆదివారమే బస్సెక్కి గుంటూరు వెళ్లాను. బాగుచేసి పంపిస్తాను, ఇవ్వండి అంటే ఇవ్వలేదు. "ఇంకోటి చేసి తెచ్చినప్పుడు ఇస్తాను. అప్పటిదాకా నేను దేంతో రాసుకోను? కావాలంటే ఇక్కడే కూర్చుని చూసుకో" అన్నారు. దారం విప్పి, ఆయన పేపరు చదివే భూతద్దం పెట్టి చూశాను. అప్పటిదాకా నా అనుమానమంతా జిగురు మీదే. అతుకు ఊడి ఉంటుంది, ఈసారి ఇంకో రకం జిగురు వాడాలి అని దారిలోనే తీర్మానించేసుకున్నాను. తీరా చూస్తే అతుకులు నాలుగూ చెక్కుచెదరలేదు. పగిలింది కర్ర. అతుకు పక్కనే మొదలై, నార వెంట నిలువుగా, పెన్ను చివరిదాకా వెళ్లింది పగులు. దాని సందులోంచి లోపలి ఇత్తడి సన్నగా మెరుస్తోంది.

ఆ మెరుపే నాకు అసలు కారణం చెప్పింది. వానాకాలంలో మన ఇళ్లల్లో తలుపులు బిగుసుకుపోవడం అందరికీ తెలిసిందే. శ్రావణంలో భుజం పెట్టి నెట్టాల్సిన తలుపు వైశాఖంలో వదులై గాలికి కొట్టుకుంటుంది. కర్ర గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకి ఆ తేమ వదిలి కుంచించుకుపోతుంది. అదీ అన్ని వైపులా ఒకేలా కాదు. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వలయాల వెంట 5.8 శాతం దాకా, చెట్టు నడిమధ్య నుంచి బయటి వైపుకి 2.5 శాతం దాకా తగ్గుతుంది. నిలువునా మాత్రం లెక్కలోకి రానంతే. తలుపుకైతే కుంచించుకోవడానికి చోటుంది. పెన్నుకి లేదు. లోపల ఇత్తడి గొట్టం ఉంది, దానికి తేమతో పని లేదు, అది ఒక వెంట్రుక వాసి కూడా తగ్గదు. తగ్గని గొట్టం చుట్టూ తగ్గుతున్న చెక్క ఏం చేస్తుంది? చీలుతుంది. పైగా అతికిన పట్టీ నార ఒక దిక్కు, టేకు నార ఇంకో దిక్కు. రెండూ చెరో కొలతలో జరుగుతుంటే వాటి మధ్య లాగులాట ఎక్కువయ్యేది అతుకు పక్కనే.

ఆ టేకు చెక్క నేను అంతకుముందు సెప్టెంబరులో, ముసురు రోజుల్లో కొన్నాను. చూడ్డానికి ఎండినట్టే ఉంది. నేను తూచి చూడలేదు. డిసెంబరులో పెన్ను చేశాను. మే నెల వడగాలికి అది ఎండాల్సినంతా ఎండింది, మాస్టారి జేబులో.

ఇక నాతో వాదించేవాళ్ల మాట. నాలాగే పెన్నులు చేసే ఒక తమ్ముడు, బాగా చేస్తాడు, "అక్కా, పైన సూపర్ గ్లూ పూత పది పొరలు వేసి అద్దంలా పాలిష్ చేస్తే తేమ లోపలికి ఎలా వెళ్తుంది?" అంటాడు. వెళ్తుంది. ఏ పూతైనా తేమ రాకపోకలను నెమ్మది చేస్తుందే తప్ప ఆపదు. పైన ఎంత పూసినా రెండు చివర్లా అడ్డకోత ముఖాలు ఉంటాయి, కర్ర తేమను అన్నిటికంటే ఎక్కువగా తాగేది అక్కడే. పూత వల్ల పగులు మే నెలలో రావాల్సింది జూన్‌లో రావచ్చు, అంతే. ఇంకొకరు చెక్కను వాక్యూమ్‌లో రెజిన్ తాగించి గట్టిపరిస్తే ఈ బాధే ఉండదంటారు. అది నిజమే, ఆ పద్ధతి పనిచేస్తుంది. మరీ మెత్తటి కర్రకి, పుచ్చు పట్టిన అందమైన ముక్కకి నేనూ అదే సలహా ఇస్తాను. కానీ ఆరోగ్యంగా ఉన్న తుమ్మ చేవకి, టేకుకి ప్లాస్టిక్ తాగించడం నాకు సమ్మతం కాదు. ఆగితే సరిపోయేదానికి అది అక్కర్లేదు.

ఆగడం మన చేతిపనివాళ్లకి కొత్తేమీ కాదు. విజయవాడకి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో కొండపల్లి ఉంది. బొమ్మల కాలనీలో ఎవరి ముందైనా ఒక గంట కూర్చుని చూడండి. తెల్ల పొణికి కర్రను చెక్కడానికి ముందు సన్నటి సెగ మీద వేడి చేసి అందులోని తేమంతా పోగొడతారు. దశావతారాలైనా, అంబారీ ఏనుగైనా ఒకే ముక్కలో చెక్కరు. కాళ్లు, చేతులు, తొండం విడివిడిగా చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అతుకుల పని అంటే మనకి ఇదే అసలైన బడి. అక్కడ మొదటి పాఠం తేమ తియ్యడం, రంగు వెయ్యడం ఎక్కడో చివర్లో. ఆన్‌లైన్ వీడియోల్లో నేర్చుకున్న మేమందరం మాత్రం డిజైనుతో మొదలుపెట్టాం. ఆ వీడియోలు చేసేవాళ్ల ఊళ్ల గాలి వేరు. మే నెలలో 45 డిగ్రీలు దాటి, ఆగస్టులో గోడలు చెమ్మగిల్లే ఊరు మనది. వాళ్ల పద్ధతి మన ఊరికి సరిపోయిందో లేదో మన ఊరి కాలమే చెప్పాలి.

పెన్ను తయారీలోనూ మనకి పెద్దవాళ్లున్నారు. 1935లో గాంధీజీ నుంచి మెప్పు ఉత్తరం అందుకున్న రాజమండ్రి రత్నం పెన్నుల గురించి వినని తెలుగువాళ్లు తక్కువ. వాళ్లు ఎంచుకున్నది ఎబొనైట్, అంటే గట్టిపరిచిన రబ్బరు. చెక్కలా ఉబ్బి కుంచించుకుపోయే పేచీ దానికి లేదు. చెక్కను ఎంచుకున్న మనం ఆ పేచీని కూడా ఎంచుకున్నట్టే.

ఇప్పుడు నేను చేసేది ఇది. కర్ర తేగానే పెన్ను ముక్కలుగా కోసి, బంగారం తూచేలాంటి చిన్న డిజిటల్ కాటా మీద ప్రతి ఆదివారం తూచి, ముక్క మీదే పెన్సిల్‌తో రాస్తాను. మాస్టారి రెండో పెన్ను కోసం తీసిన ముక్క మొదటి వారం 36.4 గ్రాములు, ఏడో వారానికి 34.1. ఆ తర్వాత వరసగా మూడు వారాలు అక్కడే ఆగింది. అప్పుడే కోత మొదలుపెట్టాను. పెన్ను పూర్తయ్యాక వరండాలో నీడ పట్టున, గాలి ఆడే చోట వెదురు బుట్టలో పెడతాను. డబ్బాలో పెట్టి మూత వేస్తే ఏడాది ఆగినా లాభం లేదు, గాలి తగలాలి. ఒక్కోదానికి నెల రాసిన చీటీ దారంతో కట్టి ఉంటుంది. నెలకోసారి గోరుతో అతుకుల మీద అడ్డంగా గీస్తాను. కంటికి కనిపించని మెట్టు గోటికి తగులుతుంది. మందం కొలిచే డిజిటల్ వెర్నియర్‌తో కొలుస్తాను కూడా. చేసిన రోజు 12.00 మిల్లీమీటర్లున్న ఒక పెన్ను మే నెలలో 11.97, సెప్టెంబరులో 12.04 చూపించింది. ఈ వందో వంతులు చూసి నవ్వేవాళ్లున్నారు. మాస్టారి పెన్నును చీల్చింది ఈ వందో వంతులే.

మొదటి ఏడాది బుట్టలో 14 పెన్నులు పెట్టాను. మూడు ఎండాకాలంలో పగిలాయి. రెండింటికి వానల్లో అతుకు దగ్గర గోటికి తగిలేంత మెట్టు వచ్చింది. నేను ఆగకుండా ఉంటే ఆ అయిదూ అయిదుగురి జేబుల్లో ఉండేవి.

ఏ కర్ర అన్నది ఇంకో పెద్ద విషయం. సత్యనారాయణపురంలో, వన్ టౌన్‌లో పాత ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. కిటికీ రెక్కలు, దూలాలు, వాసాలు పాత కలప కొట్టుకి చేరతాయి. నాకు కావాల్సింది అక్కడుంది. డెబ్బై ఎండాకాలాలు చూసిన టేకు అది. పాత కర్ర అసలు కదలదని చెప్పను. ఎంత పాతదైనా గాలిలో తేమను బట్టి కదులుతుంది. కానీ లోపల పచ్చిదనం ఉండదు, బిగువులన్నీ ఎప్పుడో సద్దుకుని ఉంటాయి. కొయ్యడానికి ముందు ముక్క నాలుగు వైపులా అయస్కాంతం తిప్పి చూస్తాను, లోపల విరిగిన మేకు ఉంటే రంపం పళ్లు పోతాయి. ఏ చెక్కైనా కొంటాను కానీ గడప చెక్క కొనను. పసుపు ఇంకిన గడపను పెన్నులుగా కొయ్యడానికి నాకు చెయ్యి రాదు.

రంగులకి నల్లతుమ్మ చేవ ఎరుపు గోధుమ, పనస పసుపు, తుమికి చేవ నలుపు, అంకుడు తెలుపు. ఇన్ని రంగులు మన చుట్టూ ఉండగా అద్దకాలెందుకు? అంకుడు అంటే ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్ర. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనించి, ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకునేలా చేసి, మొగలి ఆకుతో మెరుపు తెస్తారు వాళ్లు. నేను తుమికిలో అంకుడు పట్టీ పెట్టిన మొదటి పెన్ను శాండ్ పేపర్ దగ్గర పాడైంది. తుమికి నల్ల పొడి అంకుడు రంధ్రాల్లోకి దిగి, తెల్ల పట్టీ మసిగుడ్డలా తయారైంది. ఎంత రుద్దినా ఇంకా దిగుతుంది. ఇప్పుడు ఉలి పని అవగానే, శాండ్ పేపర్ తాకకముందే, ఒక పల్చటి లక్క పూత వేసి రంధ్రాలు మూసేస్తాను. గుడ్డతో తుడవను, ఊదుతాను. ఇంకొకటి, మెత్తటి కర్ర గట్టి కర్ర పక్కన ఉంటే శాండ్ పేపర్ మెత్తటిదాన్నే ఎక్కువ తింటుంది, అక్కడ గుంట పడుతుంది. అందుకే పొణికిని టేకు పక్కన పెట్టడం మానేశాను. వీలైనంత వరకు ఉలితోనే నునుపు తెచ్చుకోవాలి.

ఎర్రచందనంతో చెయ్యవా అని చాలామంది అడుగుతారు. మన శేషాచలం కొండల చెట్టు అది, అడవిలో నరికి దొంగచాటుగా దాటిస్తుంటే రోజూ పేపర్లో చూస్తూనే ఉన్నాం. ప్రభుత్వ వేలం నుంచి వచ్చిందని కాగితం చూపించలేని ముక్క నా లేతు మీదకి ఎక్కదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో మా సహోద్యోగి ఇల్లు రోజుల తరబడి నీళ్లలో ఉంది. నీళ్లు తీశాక వీధి పొడవునా పరుపులు, బీరువాలు, పుస్తకాలు బురదలో గుట్టలుగా ఉన్నాయి. వాళ్ల నాయనమ్మ నాటి పట్టె మంచం కూడా ఆ గుట్టలో ఉంది. పట్టెలు విరిగిపోయాయి, మంచానికి కాళ్లుగా ఉండే కోళ్లు గట్టిగానే ఉన్నాయి. "మేడం, మీకు పనికొస్తే తీసుకెళ్లండి, మాకు చూస్తే ఏడుపొస్తోంది" అంది. నాలుగు కోళ్లూ ఆటోలో తెచ్చుకున్నాను. తుమ్మ కర్ర. ముక్కలు కోశాక కాటా మీద బరువు నిలబడ్డానికి తొమ్మిది నెలలు పట్టింది. నార సందుల్లో ఇసుక దిగి ఉండి పది నిమిషాలకోసారి ఉలి సాన పట్టాల్సి వచ్చింది. ఆ కర్రతో చేసిన పెన్ను ఇప్పుడు బుట్టలో ఉంది. ఆ అమ్మాయికి ఇంకా చెప్పలేదు. వానలు వెళ్లాక చెప్తాను.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ చివరికి అక్కడికే వస్తారు. మా ఆడపడుచు కూతురి పెళ్లికి యాభై పెన్నులు కావాలంది. "వదినా, నలభై రోజులుంది, రోజుకి రెండు చేసినా అయిపోతాయి కదా, డబ్బుకి వెనకాడొద్దు" అంది. అతుకుల పెన్నులు అలా చెయ్యలేనని చెప్పాను. ఏడాది దాటిన ఒంటి కర్ర పెన్నులు పన్నెండు ఉంటే అవి ఇచ్చాను. రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడ బాధ నాకు అర్థమైంది, కానీ యాభై మంది అతిథుల ఇళ్లల్లో మే నెలలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఇదే జీవనోపాధి అయినవాళ్లకి ఏడాది పెట్టుబడి బుట్టలో కూర్చోవడం కష్టమే, నాకు జీతం ఉంది కాబట్టి సాగుతోంది. దానికి నాకు తోచిన దారి ఒకటే. కొనేవాళ్లకి ఆ చీటీ చూపించాలి. ఇది ఫలానా నెలలో చేసింది, ఈ ఎండ చూసింది, ఈ వాన చూసింది అని చెప్పి, ఆ ఏడాదికీ కలిపి ధర అడగాలి. ఆవకాయ కలిపిన రోజే జాడీ ఖాళీ చెయ్యం. మూడో రోజు తిరగ కలిపి, ఊరనిచ్చి తింటాం. దాని కోసం ఆగడం ఎవరూ మనకి నేర్పక్కర్లేదు. నేను అలా చెప్పి అడిగిన ఏ ఒక్కరూ ధర దగ్గర బేరమాడలేదు.

మాస్టారి రెండో పెన్ను 2024 జనవరిలో పూర్తయింది. ఆ మే చూసింది, ఆ వరద నెల చూసింది. డిసెంబరులో తీసుకెళ్లాను. చీటీ విప్పకుండానే ఇచ్చాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చీటీ చదివి, "జనవరిలో చేసి ఇప్పుడిస్తున్నావా?" అన్నారు. ఎందుకో చెప్పాను. మాట్లాడకుండా విని, పాత పోస్టు కవరు వెనక శ్రీకారం చుట్టి, నా పేరు రాశారు. గోరుతో అతుకు మీద ఒకసారి గీసి చూసుకున్నారు. తర్వాత జేబులోంచి పాత పెన్ను తీసి నా చేతిలో పెట్టారు.

అది ఇప్పుడు నా లేతు పక్కన గూట్లో ఉంది. దారం విప్పలేదు. పూలు కట్టే తెల్ల దారం, దగ్గర దగ్గరగా చుట్టి ముడి లోపలికి దాచారు. ఆయన చూపుడు వేలు ఆనే చోట అది నల్లబడింది.